అభ్యర్థి రంగు

1886 జూలైలో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికలు జరిగాయి. లండన్ నడిబొడ్డున ఉన్న హోబర్న్ నియోజకవర్గంలో కన్సర్వేటివ్ పార్టీ కల్నల్ ఫ్రాన్సిస్ డంకన్‌ను నిలబెట్టింది. లిబరల్ పార్టీ దాదాభాయ్ నౌరోజీని నిలబెట్టింది.

దాదాభాయ్‌కి అప్పుడు అరవయ్యేళ్లు. బొంబాయి పార్సీ. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో లెక్కల ప్రొఫెసరుగా పనిచేశాడు. అక్కడ ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు ఆయనే. 1855లో కామా కంపెనీ భాగస్వామిగా లండన్ వచ్చాడు. తర్వాత సొంతంగా పత్తి వ్యాపారం పెట్టాడు. యూనివర్సిటీ కాలేజీలో గుజరాతీ చెప్పాడు. మధ్యలో బరోడా వెళ్లి దివాన్‌గిరీ చేశాడు. రాజకీయాలు ఆయన్ని మళ్లీ లండన్ తీసుకొచ్చాయి.

ఇన్ని చేసినవాడికి ఆ వయసులో పార్లమెంటు మీద మనసు పడడానికి కారణం లెక్కలే. ఇండియా నుంచి ఏటా ఎంత సొమ్ము ఇంగ్లండుకు తరలిపోతోందో, దానికి బదులు ఏమీ రాకుండా ఎలా పోతోందో ఆయన ఏళ్ల తరబడి లెక్కగట్టాడు. సభల్లో చదివాడు, పత్రికల్లో రాశాడు, మంత్రులకు పంపాడు. మంత్రులు అందినట్టు జవాబు రాసేవారు. ఆ లెక్కలు నేరుగా ముఖం మీద చదివే వీలున్న చోటు ఒక్కటే, కామన్స్ సభ. అక్కడ ఇండియా బడ్జెట్ చర్చకు వచ్చేసరికి సమావేశాలు ముగింపుకొచ్చేవి. సభ్యులు ఊళ్లకు వెళ్లిపోయేవారు. పాతిక కోట్ల మంది జమాఖర్చులు ఖాళీ బెంచీల ముందు గట్టెక్కేవి. ఆ పాతిక కోట్లలో ఒక్కడైనా ఆ బెంచీ మీద కూర్చుని ఉండాలన్నది దాదాభాయ్ పట్టుదల.

ఓట్లు అడగబోయే ముందు హితులు ఆయనకో సలహా ఇచ్చారు. నెత్తిన ఉన్న పార్సీ తలపాగా తీసేసి ఇంగ్లీషు టోపీ పెట్టుకోమన్నారు. చూడగానే ఓటరుకు తమవాడే అనిపించాలన్నారు. దాదాభాయ్ మారు మాట్లాడలేదు. తలపాగా తీసి టోపీ పెట్టుకున్నాడు.

డంకన్‌కు 3,651 ఓట్లు వచ్చాయి. దాదాభాయ్‌కి 1,950.

ఓడినవాడు ఆ డిసెంబర్‌లో కలకత్తా వెళ్లి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించాడు. పని ముగించుకుని లండన్ తిరిగొచ్చాడు. ఇంకో నియోజకవర్గం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

రెండేళ్లకు, 1888 ఆగస్టులో, సెంట్రల్ ఫిన్స్‌బరీ లిబరళ్లు ఆయన్ని అభ్యర్థిగా ఎంచుకున్నారు. అదీ స్వల్ప తేడాతో. రెండో స్థానంలో వచ్చిన రిచర్డ్ ఈవ్ అనే ఆయన ఆ ఎంపిక చెల్లదన్నాడు. తానూ అభ్యర్థినేనన్నాడు. ఒకే పార్టీకి, ఒకే సీటుకు ఇద్దరు అభ్యర్థులయ్యారు. తగవు పార్టీ పెద్దల దగ్గరికి వెళ్లింది. పెద్దలు తేల్చలేదు.

ఆ నవంబర్‌లో హోబర్న్‌లో కల్నల్ డంకన్ చనిపోయాడు. ఉపఎన్నిక వచ్చింది. దాంతో దాదాభాయ్‌కి సంబంధం లేదు. లిబరళ్లు అక్కడ ఈసారి ఒక ప్రభువు కొడుకును నిలబెట్టారు. సీటు మళ్లీ కన్సర్వేటివ్‌లకే దక్కింది. కానీ మెజారిటీ బాగా తగ్గింది. గెలిచినా సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

ఆ సంజాయిషీ చెప్పే పని ప్రధానమంత్రి లార్డ్ సాలిస్‌బరీ మీద పడింది.

సాలిస్‌బరీది మామూలు ఇల్లు కాదు. ఆయన పూర్వీకులు మొదటి ఎలిజబెత్ రాణి దగ్గర మంత్రులు. ఉండేది హాట్‌ఫీల్డ్ హౌస్ అనే మహాభవంతిలో. భారీ మనిషి, గుబురు గడ్డం. మాటలో పదును ఉందని పేరు. ఇండియా సంగతులు ఆయనకు కొత్త కాదు. రెండుసార్లు ఇండియా వ్యవహారాల మంత్రిగా పనిచేశాడు. రెండోసారి ఆయన ఆ కుర్చీలో ఉండగానే ధాత కరువు వచ్చింది. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ కాగితాలన్నీ లండన్‌లో ఆయన బల్ల మీదికే వచ్చాయి. ఇండియాలో మాత్రం ఆయన ఎప్పుడూ అడుగుపెట్టలేదు.

ఆ నెలాఖరున ఎడిన్‌బరోలో పార్టీ సభ జరిగింది. సాలిస్‌బరీ మాట్లాడాడు. హోబర్న్ ప్రస్తావన తెచ్చాడు. మెజారిటీ తగ్గిందని ప్రతిపక్షం సంబరపడుతోంది గానీ, అసలు సంగతి వేరే ఉందన్నాడు. 1886లో డంకన్‌కు అంత మెజారిటీ రావడానికి కారణం, ఆయన మీద పోటీ చేసింది ఒక నల్లవాడు కావడం. మానవజాతి ఎంత ముందుకు వెళ్లినా, దురభిప్రాయాలు ఎన్ని వదిలించుకున్నా, ఒక బ్రిటిష్ నియోజకవర్గం నల్లవాడిని ఎన్నుకునే దశకు మనం ఇంకా చేరుకున్నామని తాను అనుకోవడం లేదన్నాడు.

సభలో నవ్వులు వినిపించాయి. చప్పట్లు కొట్టారు. సాలిస్‌బరీ తర్వాతి అంశానికి వెళ్లాడు.

లిబరళ్లు మాత్రం అక్కడే ఆగిపోయారు.

మర్నాటి నుంచి వాళ్ల పత్రికలు ఆ ఒక్క మాటే పట్టుకున్నాయి. రాణి ప్రజలందరూ సమానమని 1858లో ప్రకటన ఇచ్చిన దేశంలో, ఆ రాణి ప్రధానమంత్రే ఆమె ప్రజల్లో ఒకరిని రంగు పేరుతో పిలవడమా అని నిలదీశాయి. లిబరల్ నాయకులు వేదికలెక్కి ఖండించారు. ఇది ఒక మనిషికి జరిగిన అవమానం కాదు, పాతిక కోట్ల మందికి జరిగిన అవమానం అన్నారు. బొంబాయిలో, కలకత్తాలో, మద్రాసులో పత్రికలు అందుకున్నాయి.

వేళాకోళమూ చేశారు. పార్సీలు పసిమిఛాయ మనుషులు. దాదాభాయ్ మరీనూ. తెల్లటి గడ్డం, తెల్లటి ముఖం. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే నల్లగా కనిపించేది ప్రధానమంత్రేనని పత్రికలు రాశాయి. అప్పటిదాకా దాదాభాయ్ ముఖం చూడనివాళ్లు కూడా ఆ పోలిక కోసం ఆయన బొమ్మ వెతుక్కుని చూశారు.

సాలిస్‌బరీ క్షమాపణ చెప్పలేదు. కొద్ది రోజుల తర్వాత వివరణ ఇచ్చాడు. ఆ మాటలో తిరస్కారం ఏమీ లేదన్నాడు. అసలు ఇలాంటి అభ్యర్థిత్వాలే పొసగవన్నాడు. కామన్స్ సభ చాలా విచిత్రమైన, చాలా సున్నితమైన యంత్రమనీ, ఈ దీవుల్లో పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ దాన్ని నడపలేరనీ చెప్పాడు.

వివరణతో గొడవ ఇంకా పెరిగింది.

1889 జనవరిలో నేషనల్ లిబరల్ క్లబ్‌లో దాదాభాయ్ గౌరవార్థం విందు ఇచ్చారు. పార్టీలో పేరున్నవాళ్లు వచ్చారు. ఉపన్యాసాలు అయ్యాయి. బ్రిటిష్ ఓటరుకు రంగుతో పని లేదని, గుణమే చూస్తాడని ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పారు. దాదాభాయ్ కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

ముప్పయ్యేళ్లుగా లండన్‌లో ఉంటూ, లెక్కలు గట్టి, పుస్తకాలు అచ్చువేసి, సభలు పెట్టి సంపాదించలేని పేరు ఆయనకు ఎడిన్‌బరోలోని ఆ ఒక్క వాక్యంతో వచ్చింది. సాలిస్‌బరీ అన్న నల్లవాడు ఎవరని దేశమంతా అడిగింది. ఎవరో దేశమంతా తెలుసుకుంది. పిలవని ఊరు లేదు. ఉత్తరాలకు జవాబులు రాయడానికే రోజు చాలేది కాదు.

సెంట్రల్ ఫిన్స్‌బరీలో మాత్రం రిచర్డ్ ఈవ్ తప్పుకోలేదు. విందు తర్వాత కూడా పార్టీ పెద్దలు ఆ తగవు తేల్చలేదు. ఒక పెద్దమనిషి దగ్గరికి వెళితే స్థానిక సంఘాన్ని అడగమనేవాడు. స్థానిక సంఘం రెండుగా చీలి ఉంది. ఇది ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, 1892 ఎన్నికలు గుమ్మంలోకి వచ్చేదాకా సాగింది. చివరికి లిబరల్ అభ్యర్థిగా దాదాభాయ్ ఒక్కడే మిగిలాడు.

సెంట్రల్ ఫిన్స్‌బరీ అంటే క్లార్కెన్‌వెల్ ప్రాంతం. గడియారాలు చేసేవాళ్లు, నగలపనివాళ్లు, అచ్చుపనివాళ్లు ఉండే వీధులు. దాదాభాయ్ నాలుగేళ్లుగా ఆ వీధులన్నీ తిరిగాడు. వాళ్లతో ఇండియా గురించి మాట్లాడింది తక్కువ. పనిగంటల గురించి, అద్దెల గురించి, ఐర్లండ్ స్వపరిపాలన గురించి, ఆడవాళ్ల ఓటు గురించి మాట్లాడాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆయన గెలవాలని ఉత్తరం రాసింది. ఓటు వేయడానికి ఆమెకు హక్కు లేదు.

కన్సర్వేటివ్ పార్టీ అభ్యర్థి కెప్టెన్ పెంటన్. అంతకు ముందు అక్కడ గెలిచినవాడు. ఆ కుటుంబం పేరు మీద ఆ పక్కనే పెంటన్‌విల్ అనే పేట ఉంది.

1892 జూలైలో పోలింగ్ జరిగింది. ఆ రాత్రి ఓట్లు లెక్కపెట్టారు. దాదాభాయ్ మూడు ఓట్ల ఆధిక్యంతో గెలిచాడన్నారు. పెంటన్ మనుషులు ఒప్పుకోలేదు. మళ్లీ లెక్కపెట్టారు. మూడు కాదు, అయిదు అని తేలింది.

పెంటన్ ఎన్నిక చెల్లదని పిటిషన్ వేశాడు. కొన్నాళ్లకు తనే వెనక్కి తీసుకున్నాడు.

నౌరోజీ అన్న పేరు పలకడం లండన్ వాళ్లకు మొదటి నుంచీ కష్టంగానే ఉండేది. ఇప్పుడు సులువైపోయింది. ‘మిస్టర్ నారో మెజారిటీ’ అన్నారు. ఒక కన్సర్వేటివ్ పత్రిక ఫిన్స్‌బరీ సిగ్గుతో తలవంచుకోవాలని రాసింది. బొంబాయి నుంచి వచ్చిన ఈ అగ్నిపూజకుడికి సాటి రాగల ఇంగ్లీషువాడు గానీ, స్కాట్‌లాండ్ వాడు గానీ, వేల్స్ వాడు గానీ, చివరకు ఐర్లండ్ వాడు గానీ ఆ నియోజకవర్గం మొత్తంలో దొరకలేదా అని అడిగింది.

దాదాభాయ్ తన మతగ్రంథం ఖోర్దే అవెస్తా చేతబట్టి కామన్స్ సభలో ప్రమాణం చేశాడు. అప్పటికి ఆయనకు అరవై ఆరేళ్లు. ఆ ఎన్నికల్లో లిబరళ్లు అధికారంలోకి వచ్చారు. సాలిస్‌బరీ దిగిపోయాడు.

సున్నితమైన యంత్రం మామూలుగానే నడిచింది. దాదాభాయ్ రోజూ సభకు వెళ్లాడు. ఇండియా లెక్కలు చదివాడు. సివిల్ సర్వీసు పరీక్షలు లండన్‌లోనే కాక ఇండియాలో కూడా జరపాలన్న తీర్మానం 1893లో సభలో నెగ్గింది. ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. అది దాదాభాయ్ సొంత పార్టీ లిబరల్ ప్రభుత్వమే. ఆ డిసెంబర్‌లో దాదాభాయ్ లాహోర్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడిగా వెళితే ఇండియా ఆయనకు బ్రహ్మరథం పట్టింది.

ఇదంతా కన్సర్వేటివ్ పార్టీ చూస్తూ కూర్చోలేదు. అయిదు ఓట్లయితేనేం, ఒక బ్రిటిష్ నియోజకవర్గం ఇండియా మనిషిని ఎన్నుకుంది. ఆ మనిషి రోజూ లేచి ఇంగ్లీషు పాలన ఇండియాను పీల్చి పిప్పి చేస్తోందని అంటున్నాడు. ఒక ఇంగ్లీషువాడు లేచి కాదంటే, నీకేం తెలుసంటారు. ముల్లును ముల్లుతోనే తీయాలి.

ముల్లు దొరికింది. పేరు మంచేర్జీ భావనగ్రీ. ఆయనా బొంబాయివాడే. ఆయనా పార్సీయే. పత్రికల్లో పనిచేశాడు. భావనగర్ సంస్థానానికి బొంబాయిలో ఏజెంటుగా ఉన్నాడు. విక్టోరియా రాణి రాసుకున్న పుస్తకాన్ని గుజరాతీలోకి అనువదించాడు. లండన్ వచ్చి బారిస్టరు అయ్యాడు. ఇండియాకు బ్రిటిష్ పాలన దైవమిచ్చిన వరమని ఆయన నమ్మకం. దాదాభాయ్ వరస ఆయనకు నచ్చదు.

1895 ఎన్నికల్లో సాలిస్‌బరీ పార్టీ భావనగ్రీని లండన్ ఈస్ట్ ఎండ్‌లోని ఈశాన్య బెత్నల్ గ్రీన్‌లో నిలబెట్టింది.

అది కూలీల పేట. పట్టునేత పోయి, బల్లలు కుర్చీలు చేసుకుని బతికే వీధులు. తూర్పు ఐరోపా నుంచి పేద యూదులు వచ్చి ఈస్ట్ ఎండ్‌లో దిగుతున్న రోజులు. పరాయి దేశాల వాళ్లను రానివ్వకుండా ఆపాలని కన్సర్వేటివ్ పార్టీ ఆ ప్రాంతమంతా ప్రచారం చేసింది. బొంబాయి నుంచి వచ్చిన భావనగ్రీ ఆ పార్టీ అభ్యర్థి.

ఆయన మీద పోటీ చేసిన లిబరల్ జార్జ్ హోవెల్. పదేళ్లుగా అక్కడ ఎంపీ.

హోవెల్‌ది అప్పటి పార్లమెంటులో అరుదైన కథ. తాపీపనివాడు. సోమర్సెట్ పల్లెలో పుట్టి చిన్నతనంలోనే కూలికి వెళ్లాడు. 1855లో, అంటే దాదాభాయ్ వచ్చిన ఏడాదే, పని వెతుక్కుంటూ లండన్ చేరాడు. పగలు ఇటుకలు పేర్చేవాడు, రాత్రి పుస్తకాలు చదివేవాడు. పనిగంటలు తగ్గించాలని జరిగిన సమ్మెలో నిలబడ్డాడు. కార్మికుల ఓటు హక్కు కోసం పుట్టిన రిఫార్మ్ లీగ్‌కు కార్యదర్శి అయ్యాడు. 1866లో ప్రభుత్వం వద్దన్నా హైడ్ పార్క్‌లో జనం పోటెత్తిన ఉద్యమం అదే. మరుసటి ఏడాదే పట్టణాల్లో కార్మికులకు ఓటు వచ్చింది. కార్మిక సంఘాల కాంగ్రెస్ పార్లమెంటరీ కమిటీకి తొలి రోజుల్లో కార్యదర్శి ఆయనే. సంఘాలు నేరస్థుల ముఠాలు కావని చట్టంతో చెప్పించడానికి ఏళ్ల తరబడి పార్లమెంటు నడవాల్లో తిరిగాడు.

నడవాల్లో తిరిగినవాడికి లోపలికి వెళ్లడం అంత తేలిక కాలేదు. 1868లో పోటీ చేసి ఓడాడు. 1874లో ఓడాడు. 1881లో ఓడాడు. తాపీపనివాడికి పార్లమెంటులో ఏం పనని అడిగేవాళ్లు ఎక్కువ. ఆ రోజుల్లో ఎంపీలకు జీతం లేదు. ఎన్నికల ఖర్చు అభ్యర్థిదే. 1885లో బెత్నల్ గ్రీన్ ఆయన్ని గెలిపించింది. ఎడిన్‌బరో మాటకు మండిపడ్డ పార్టీలో ఎంపీగా ఆయన పదేళ్లు ఉన్నాడు. పత్రికలకు రాసిన వ్యాసాల మీద బతికాడు. కార్మికుడి పక్షాన మాట్లాడాడు. పుట్టుకను బట్టి మనిషిని సభ గుమ్మం దగ్గర ఆపకూడదన్నదే ఆయన జీవితమంతా చేసిన వాదన.

1895 జూలైలో పోలింగ్ జరిగింది. దేశమంతటా లిబరళ్లు చిత్తుగా ఓడారు. కన్సర్వేటివ్‌లకు, వాళ్ల మిత్రులకు కలిపి 411 సీట్లు వచ్చాయి.

సెంట్రల్ ఫిన్స్‌బరీలో దాదాభాయ్ ఓడిపోయాడు. ఈసారి తేడా అయిదు కాదు, వందల్లో ఉంది.

ఈశాన్య బెత్నల్ గ్రీన్‌లో భావనగ్రీ 160 ఓట్ల మెజారిటీతో గెలిచాడు.

సాలిస్‌బరీ మళ్లీ ప్రధానమంత్రి అయ్యాడు. కామన్స్ సభలో ఆయన పార్టీని నడిపింది ఆయన మేనల్లుడు బాల్ఫర్. ఆ వెనుక బెంచీల మీద, బొంబాయిలో పుట్టిన మంచేర్జీ భావనగ్రీ కూర్చున్నాడు. సున్నితమైన యంత్రం మాట ఇప్పుడు అడ్డు రాలేదు.

ఇండియా మీద చర్చ వచ్చినప్పుడల్లా భావనగ్రీ లేచి, పాలన చక్కగా ఉందనీ, కాంగ్రెస్‌వాళ్లు చెప్పేదంతా అతిశయోక్తి అనీ చెప్పాడు. ఇండియా మనిషే చెబుతున్నాడు కదా అని మంత్రులు తలలూపారు. దక్షిణాఫ్రికాలో భారతీయులకు జరుగుతున్న అన్యాయాల మీద మాత్రం ఆయన గట్టిగానే పోరాడాడు. గాంధీ అక్కడి నుంచి ఆయనకు ఉత్తరాలు రాసేవాడు. ఇంగ్లీషువాళ్లు దాదాభాయ్ పేరును నారో మెజారిటీ చేస్తే, ఇండియావాళ్లు భావనగ్రీ పేరును ‘బౌ అండ్ అగ్రీ’ చేశారు. వంగి సలాము కొట్టి సరేననేవాడని. 1897లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1900లో అదే బెత్నల్ గ్రీన్ ఆయన్ని ఇంకా ఎక్కువ మెజారిటీతో మళ్లీ గెలిపించింది.

ఓడిన లిబరళ్లకు 1895 వేసవి అంతా కారణాలు చెప్పుకోవడంతో సరిపోయింది. కామన్స్ సభలో పార్టీ నాయకుడు విలియం హార్కోర్ట్ డర్బీలో ఓడాడు. సారాదుకాణాలు మూయించే అధికారం స్థానికులకు ఇస్తామంటూ ఆయన తెచ్చిన బిల్లే కొంప ముంచిందని కొందరు అన్నారు. జాన్ మోర్లే న్యూకాసిల్‌లో ఓడాడు. ఐర్లండ్ స్వపరిపాలన పట్టుకుని వేలాడడం వల్లేనని ఇంకొందరు అన్నారు. పెద్దల మధ్య పడకపోవడం వల్లేనని మరికొందరు అన్నారు.

బెత్నల్ గ్రీన్‌లో ఓడిన జార్జ్ హోవెల్ కూడా తన గోడు చెప్పుకున్నాడు. పార్లమెంటులో పదేళ్లు గొడ్డుచాకిరీ చేస్తే, చివరికి ఒక నల్లవాడు, ఎక్కడి నుంచో వచ్చిన పరాయివాడు, తనను తన్ని తగిలేశాడన్నాడు.